విలేకరికి ఏం చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి?

హైదరాబాద్ శివారులోని ఒక కాలనీ సంక్షేమ సంఘానికి కార్యదర్శిగా ఉన్న పాఠకురాలు సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. పేరు, ఊరు వెల్లడించవద్దని కోరారు కాబట్టి, గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు తీసివేసి సారాంశం మాత్రమే ఇస్తున్నాను. వారి కాలనీని ఆనుకుని ఒక పాత చెరువు ఉంది. దాని దక్షిణం వైపు ఒక నిర్మాణ సంస్థ రాత్రివేళల్లో టిప్పర్లతో మట్టి పోయిస్తోందని, నిరుటి వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లు రావడానికి అదే కారణమని కాలనీవాసులు నమ్ముతున్నారు. సంఘం తరఫున ఆమె సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తులు పెట్టి కొన్ని కాగితాలు సంపాదించారు. చెరువుకు పడమటి ఒడ్డున కొన్ని రేకుల ఇళ్లున్నాయి. ఆమె ఇంట్లో పనిచేసే మనిషి కుటుంబం ఉండేది అక్కడే.

నిరుడు నీళ్లు వచ్చినప్పుడు స్థానిక విలేకరి ఒకరు వచ్చి మాట్లాడించారు. మాటలు ముగిసి, ఆయన బండి దగ్గరకు నడుస్తుండగా, "ఫలానా నాయకుడి అండ లేకుండా ఇదంతా జరుగుతుందా?" అని ఆమె అన్నారు. మరునాడు జిల్లా పేజీలో ఆ మాటే శీర్షిక అయింది. నాయకుడి అనుచరులు ఇంటికి వచ్చారు, సంఘం సమావేశంలో తాను ఆ మాట అనలేదని ఆమె చెప్పవలసి వచ్చింది. ఇప్పుడు ఒక దినపత్రిక నగర విలేకరి ఆదివారం ప్రత్యేక కథనం కోసం ఇంటర్వ్యూ అడుగుతున్నారు. ఒక వార్తా చానల్ రాత్రి చర్చకు పిలుస్తోంది. ఒక యూట్యూబ్ చానల్ నిర్వాహకుడు చెరువు గట్టు మీద నడుస్తూ మాట్లాడమంటున్నాడు. నిర్మాణ సంస్థ వారు పరువునష్టం దావా వేస్తామని ఎవరి ద్వారానో కబురు పెట్టారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అయిన భర్త, ఇవన్నీ మనకెందుకని అడుగుతున్నారు. మాట్లాడాలా వద్దా, మాట్లాడితే నాయకుడి గురించీ రేకుల ఇళ్ల గురించీ అడిగినప్పుడు ఏం చెప్పాలి, మళ్లీ మాట వక్రీకరిస్తే ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు.

మీ ఉత్తరం చదివాక, నిరుటి సంఘటనను ముందుగా విడదీసి చూడటం అవసరమనిపించింది. ఎందుకంటే మీ భయమంతా అక్కడి నుంచే వస్తోంది. మీ మాటను విలేకరి వక్రీకరించారని మీరు రాశారు. మీ ఉత్తరాన్ని బట్టి చూస్తే ఆయన వక్రీకరించలేదు, మీరు ప్రశ్నగా అన్నదాన్ని ఆరోపణగా శీర్షికకెక్కించారు. అది అన్యాయమే, అయితే పత్రికల్లో శీర్షిక పెట్టేది సాధారణంగా డెస్క్‌లో ఉండే ఉపసంపాదకులు. వార్త రాసిన విలేకరి చేతిలో అది ఉండదు. ఇక ఎదుటి వ్యక్తి విలేకరి అని తెలిసి మాట్లాడిన ప్రతి మాటా ప్రచురించదగినదేనన్నది పత్రికారంగంలో స్థిరపడిన ఆనవాయితీ. నోట్‌బుక్ మూసినా, కెమెరా ఆపినా, గేటు దాకా సాగనంపుతున్నా అది వర్తిస్తుంది. "ఇది రాయవద్దు" అన్న షరతును మాట చెప్పకముందే పెట్టాలి, దానికి విలేకరి సరేననాలి. చెప్పేశాక పెట్టిన షరతును పాటించడం, పాటించకపోవడం ఆ వ్యక్తి మంచితనం మీద ఆధారపడుతుంది. అలాగే "పేరు రాయవద్దు" అనడం వేరు, "అసలు రాయవద్దు" అనడం వేరు. "పేరు చెప్పడానికి ఇష్టపడని సంఘం ప్రతినిధి" అని రాస్తే, రెండు వందల ఇళ్ల కాలనీలో అది మీరేనని తెలియనివారు ఎవరుంటారు? ఈ తేడాలు ముందే తెలిసి ఉంటే నిరుడు మీకు అంత కష్టం వచ్చేది కాదు, ఇకముందూ రాదు.

మీకు ఎక్కువ నష్టం చేసేది ఆ శీర్షిక కాదని కూడా చెప్పాలి. అన్న మాటను అనలేదని సమావేశంలో చెప్పారు కదా, ఆ విలేకరి దగ్గర మీ గొంతు రికార్డు ఉండే అవకాశం ఉంది. రేపు మీరు కెమెరా ముందు ఏదైనా గట్టిగా చెప్పినప్పుడు ఆ రికార్డు బయటికి వస్తే, చెరువు సంగతి పక్కకు పోయి మీ మాట మీద నమ్మకమే చర్చ అవుతుంది. ఇంటర్వ్యూకు ఒప్పుకునే ముందు కనీసం సంఘం అధ్యక్షుడికి, ఒకరిద్దరు పెద్దలకు జరిగినది జరిగినట్టు చెప్పండి. "ఆవేదనలో ఒక అనుమానాన్ని పైకి అన్నాను, దానికి నా దగ్గర ఆధారం లేదు" అంటే చాలు. కొంత ఇబ్బందిగా ఉంటుంది, కానీ తరువాత ఎవరూ దాన్ని మీ మీద ఆయుధంగా వాడలేరు.

ఇక సిద్ధం కావడం గురించి. చాలామంది దీన్ని జవాబులు బట్టీపట్టడం అనుకుంటారు. నేను మిమ్మల్ని అడిగే పని వేరు. మీకు చెరువు గురించి తెలిసినదంతా కాగితం మీద పెట్టి, ప్రతి వాక్యం పక్కనా అది మీరు కళ్లారా చూసినదా, మీ దగ్గరున్న కాగితం చెబుతున్నదా, లేక మీ ఊహా అని గుర్తు పెట్టుకోండి. మొదటి రెండు రకాలూ ఎంత పెద్ద కెమెరా ముందైనా చెప్పవచ్చు. మూడో రకం మాటలు ఇంటర్వ్యూ గదిలోకే రాకూడదు.

ఇలా విడదీస్తే మీ వాదన బలహీనపడుతుందేమోనని మీకు అనిపించవచ్చు. నిజానికి మీ ఉత్తరంలోని వాక్యాలే దీనికి మంచి ఉదాహరణలు. "ఎఫ్‌టీఎల్‌లో కట్టేస్తున్నారు" అని రాశారు. మీకు వచ్చిన కాగితం ప్రకారం ఆ చెరువుకు పూర్తిస్థాయి నీటిమట్టం (ఎఫ్‌టీఎల్) హద్దును చూపే ప్రాథమిక నోటిఫికేషన్ మాత్రమే ఉంది, తుది నోటిఫికేషన్ ఇంకా రాలేదు. కాబట్టి మీరు నిలబడగలిగిన వాక్యం ఇది: "ప్రాథమిక నోటిఫికేషన్‌తో ఇచ్చిన మ్యాపులో ఈ సర్వే నంబర్లు ఎఫ్‌టీఎల్ లోపల ఉన్నాయి. తుది నోటిఫికేషన్ ఎందుకు ఆగిందో అధికారులు చెప్పాలి." ఈ వాక్యాన్ని అవతలివారు ఖండించలేరు. పైగా విలేకరికి అధికారిని అడగడానికి ఒక ప్రశ్న దొరుకుతుంది. చెరువు చుట్టూ ఖాళీగా వదలవలసిన బఫర్ విషయంలోనూ అంతే. 2012 నాటి భవన నిర్మాణ నిబంధనలు (జీవో 168) పది హెక్టార్లు, అంతకు మించిన చెరువులకు ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్నవాటికి 9 మీటర్లు ఖాళీగా వదలాలంటున్నాయి. మీ చెరువు విస్తీర్ణం మీరు ఎకరాల్లో రాశారు. పది హెక్టార్లంటే దాదాపు పాతిక ఎకరాలు. మీ చెరువు ఏ వర్గంలోకి వస్తుందో ముందే తేల్చుకోండి, లేకపోతే అవతలివారు ఆ ఒక్క పొరపాటును పట్టుకుని మిగతాదంతా తప్పేనంటారు.

"కబ్జా" అన్న మాటను మీరు చాలాసార్లు వాడారు. తెలంగాణ చెరువుల్లో శిఖం పట్టాలున్న సంగతి మీకు తెలిసే ఉంటుంది. నీళ్లు తగ్గినప్పుడు సాగు చేసుకునే ఆ భూమికి పట్టాదారు ఉంటారు, అక్కడ నిర్మాణాలకు మాత్రం అనుమతి ఉండదు. సంస్థ అలాంటి పట్టా భూమిని కొని ఉంటే, భూమి తమదేనని కాగితం చూపించి మిమ్మల్ని అబద్ధాలకోరుగా నిలబెడుతుంది. చెరువులో మట్టి పోయడం గురించి మాట్లాడండి, భూమి ఎవరిదన్న దాని జోలికి పోకండి. మీరు తీసిన టిప్పర్ల వీడియోలు చూసినదాని కిందికి వస్తాయి, తేదీ, సమయం ఉన్న అసలు ఫైళ్లను భద్రంగా ఉంచి నకళ్లు మాత్రమే ఇవ్వండి. ఇళ్లలోకి నీళ్లు వచ్చింది మీరు చూశారు, మట్టి పోయడం చూశారు. మొదటిదానికి రెండోదే కారణమన్నది ఇంజినీర్లు తేల్చవలసిన విషయం. కాబట్టి "ఇన్నేళ్లుగా రాని నీళ్లు మట్టి పోసిన తరువాతి వానలకు వచ్చాయి, కారణం తేల్చమని అడుగుతున్నాం" అనండి. నాలాలు, అలుగు మూసుకుపోయాయేమో కూడా చూసి రండి. విలేకరి తప్పకుండా అడుగుతారు.

నాయకుడి గురించిన ప్రశ్న ఈసారి ఇంటర్వ్యూ మధ్యలో, మీరు కాస్త తేలికపడిన సమయంలో వస్తుంది. "నిరుడు మీరే అన్నారు కదా?" అనే రూపంలోనూ రావచ్చు. "వ్యాఖ్యానించను" అంటే, చెప్పడానికి భయపడుతున్నారని రాస్తారు. "ఆయనకు సంబంధం లేదు" అంటే మీకు తెలియని విషయానికి మీరే ధ్రువపత్రం ఇచ్చినట్టవుతుంది. "నిరుడు నేనన్నది అనుమానమే, ఆధారం లేదు కాబట్టి మళ్లీ అనను. నా దగ్గర ఆధారం ఉన్నది మట్టి గురించి, నోటిఫికేషన్ గురించి" అంటే నిజం చెప్పినట్టూ అవుతుంది, సంభాషణ అసలు విషయానికీ తిరుగుతుంది. ప్రశ్నలోని ఘాటైన మాటను మీ జవాబులో తిరిగి పలకకండి. "అంటే ఆయన అవినీతిపరుడని మీరనడం లేదా?" అని అడిగితే, "ఆయన అవినీతిపరుడని నేననలేదు" అన్న జవాబులోంచి కూడా ఒక శీర్షిక పుడుతుంది.

రేకుల ఇళ్ల ప్రశ్న అన్నిటికంటే బరువైనది, దీనికి తెలివైన జవాబు వెతకవద్దని నా మనవి. 2024 జులైలో, హైదరాబాద్‌లో చెరువుల ఆక్రమణలు తొలగించే ప్రభుత్వ సంస్థ హైడ్రా ఏర్పడినప్పటి నుంచి కూల్చిన ఇళ్ల ముందు సామాన్లతో కూర్చున్న కుటుంబాలను రాష్ట్రమంతా టీవీలో చూసింది. చెరువును కాపాడమని ఎవరడిగినా, పేదల ఇళ్ల సంగతేమిటన్న ప్రశ్న వెంటనే వస్తుంది, రావాలి కూడా. అన్నీ తీసేయాలంటే రేపు బుల్డోజరు ముందుగా వచ్చేది పడమటి ఒడ్డుకే కావచ్చు, వాళ్లకు కోర్టుకు వెళ్లే శక్తి లేదు. పేదల ఇళ్లు వదిలేయాలని ఊరుకుంటే మీది చెరువు మీద ప్రేమ కాదని, తమ మీద కక్ష అని సంస్థ అంటుంది. ముందు హద్దులు తేల్చే సర్వే అందరికీ ఒకేలా జరగాలని, మనుషులు కాపురముంటున్న ఇళ్ల విషయంలో నోటీసు, ప్రత్యామ్నాయం ఇవ్వకుండా ఏ చర్యా ఉండకూడదని, కొత్తగా మట్టి పోయడం మాత్రం ఈ రోజే ఆగాలని చెప్పవచ్చు. ఇది ఇంటర్వ్యూలో గట్టెక్కడానికి చెప్పే మాట మాత్రం కాకూడదు. సంఘం దీన్ని ముందే తీర్మానంగా రాసుకోవాలి, కాలనీలో కొందరు ఒప్పుకోకపోవచ్చు కూడా. అంతకంటే ముందు మీరు పడమటి ఒడ్డుకు వెళ్లి ఆ కుటుంబాలతో కూర్చుని, ఫలానా పత్రికతో మాట్లాడబోతున్నాను, మీ గురించి ఇలా చెప్పాలనుకుంటున్నాను అని చెప్పండి. మీ ఇంట్లో పనిచేసే ఆమె మిమ్మల్ని ఎదిరించి ఏమీ అనలేకపోవచ్చు, అందుకే ఆమె ఒక్కరినే అడిగి సరిపెట్టవద్దు. వాళ్ల తరఫున వాళ్లలోనే ఒకరు మాట్లాడతానంటే విలేకరికి ఆ పేరు ఇవ్వండి. వద్దంటే వాళ్ల ఇళ్లను ఎవరూ చిత్రీకరించకుండా చూడండి.

ఈ కారణంతోనే, యూట్యూబ్ చానల్ వారి గట్టు మీది నడక నాకు ఇష్టం లేదు. అలాంటి చానళ్లలో మంచి పని చేసేవారు ఉన్నారు, గంటసేపు మాట్లాడినదాన్ని పూర్తిగా పెట్టేవారూ ఉన్నారు. అయితే వీడియో మీద అంటించే బొమ్మ, దాని మీది పెద్ద అక్షరాలు మీ చేతిలో ఉండవు, నడుస్తూ మాట్లాడేటప్పుడు వెనక ఎవరి ఇల్లు, ఎవరి ముఖం పడుతుందో మీరు గమనించలేరు. ఒప్పుకోవాలనుకుంటే ఆయన పాత వీడియోలు కొన్ని చూడండి, సంఘం కార్యాలయంలో కూర్చుని మాట్లాడతానని చెప్పండి.

రాత్రి చర్చకు వెళితే మీ విషయం ఎక్కువ మందికి చేరుతుంది, అధికారులు కూడా అదే రాత్రి కదలవచ్చు. కానీ తెర మీద నాలుగైదు పెట్టెల్లో ఒకరిగా ఉంటారు, మిగతావారు పార్టీల ప్రతినిధులైతే మాటల్లో చెరువు మాయమై పార్టీలు మిగులుతాయి. మీకు దక్కేది రెండు మూడు నిమిషాలు. ప్రత్యక్ష ప్రసారంలో మాటను వెనక్కి తీసుకోలేరు, అయితే ఎవరూ దాన్ని కత్తిరించలేరు కూడా. పిలిచినవారిని మిగతా అతిథులెవరు, చర్చాంశం ఏమిటి, సమయమెంత అని అడగడం మీ హక్కు. వాటికి సూటిగా జవాబు రాకపోతే, చర్చకు బదులు మీ దగ్గరికే వచ్చి కెమెరా ముందు చిన్న వ్యాఖ్య (బైట్) తీసుకోమనండి. ఇరవై ముప్పై సెకన్లలో పూర్తయ్యే రెండు వాక్యాలు సిద్ధంగా ఉంటే అది చాలు.

దినపత్రిక ఇంటర్వ్యూ మీకు ఎక్కువ అనుకూలంగా కనిపిస్తోంది. విలేకరికి వ్యవధి ఉంది, కాగితాలు చూసి, అధికారులనూ సంస్థనూ అడిగి రాస్తారు. సంస్థ వాదన కూడా అందులో ఉంటుంది, దానికి నొచ్చుకోవద్దు. రెండు పక్షాలూ ఉన్న కథనాన్నే అధికారులు పట్టించుకుంటారు. అచ్చుకు ముందు కథనం చూపించమని అడిగితే చాలామంది ఒప్పుకోరు. కానీ, "నా పేరుతో వచ్చే మాటలను ఫోన్లో ఒకసారి చదివి వినిపించండి, సర్వే నంబర్లు సరిచూసుకుందాం" అంటే సాధారణంగా కాదనరు. ప్రశ్నలు ముందే ఇవ్వకపోయినా ఏ అంశాలు అడుగుతారో చెబుతారు. వారికి చెప్పి మీరు కూడా మీ ఫోన్లో సంభాషణ రికార్డు చేసుకోండి.

మాట్లాడకుండా ఉండటమూ ఒక మార్గమే, దాన్ని పిరికితనం అనను. అయితే కథనం మీరు లేకపోయినా వస్తుంది, అందులో సంస్థ మాట ఉంటుంది, సంఘం స్పందించలేదన్న వాక్యం ఉంటుంది. మధ్యేమార్గాలు కూడా ఉన్నాయి. సంఘం లెటర్‌హెడ్ మీద అధ్యక్షుడి సంతకంతో ఒక ప్రెస్ నోట్ ఇచ్చి, సమాచార హక్కు కింద వచ్చిన నకళ్లు జతచేయవచ్చు. లేదా ముగ్గురు కలిసి మాట్లాడవచ్చు, అప్పుడు మీరు ఒక్కరే గురి కారు. ప్రెస్ నోట్‌లో మనిషి గొంతు ఉండదు కాబట్టి అది లోపలి పేజీలో నాలుగు లైన్లకు కుదించుకుపోయే ప్రమాదం ఉంది. ఏది ఎంచుకున్నా, కాలనీ వాట్సాప్ గ్రూపులో ఈ విషయం మీద ఎవరూ ఆవేశంగా రాయకుండా చూడండి. ఆ స్క్రీన్‌షాట్లు కూడా విలేకరులకు చేరతాయి.

మీ భర్తగారి ఆందోళనను కొట్టిపారేయవద్దు. 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు ప్రభుత్వ ఉద్యోగి పత్రికలతో మాట్లాడటం మీద ఆంక్షలు పెట్టాయి. వాటికి కట్టుబడవలసింది ఉద్యోగి. పౌరురాలిగా మీ మాటను అవి ఆపవు. కానీ ఆయన కార్యాలయం నుంచి వచ్చిన ఒక్క కాగితం మీ చేతిలో ఉన్నా, ఇంటర్వ్యూ సమయంలో ఆయన పక్కన కూర్చుని ఒక్క మాట అందించినా పరిస్థితి మారిపోతుంది. ఇంట్లో కాకుండా బయట కలవండి, ఆయన ఉద్యోగం ప్రస్తావన రాయవద్దని మొదటే అడగండి. చట్టంతో నిమిత్తం లేకుండా బదిలీ రూపంలో ఇబ్బంది రావచ్చని ఆయన అనుకుంటే, ఆ భయాన్ని మీరిద్దరూ కూర్చుని తూచుకోవాలి. దాన్ని బయటివారు తేల్చలేరు.

పరువునష్టం హెచ్చరిక విషయంలో, భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ ప్రకారం పరువునష్టం కలిగించడం క్రిమినల్ నేరమే, రెండేళ్ల వరకు సాధారణ జైలుశిక్ష పడే వీలుంది. సివిల్ దావా వేరుగా వేయవచ్చు. నిజమైన మాటను ప్రజాహితం కోసం చెబితే అది నేరం కాదన్నది ఆ సెక్షన్‌లోని మొదటి మినహాయింపు. నిజమని చూపగలగాలి, ప్రజాహితమూ ఉండాలి, రెండూ కావాలి. చూసినది, కాగితంలో ఉన్నది మాత్రమే చెప్పమన్న నా మాట ఇక్కడ మీకు రక్షణగా నిలుస్తుంది. నోటి కబురుకు జవాబివ్వవద్దు, లాయర్ నోటీసు వస్తే మాత్రం విలేకరికి చెప్పేముందు లాయర్‌కు చూపించండి. ఇంటికి మళ్లీ ఎవరైనా వస్తే తేదీ, సమయం రాసుకుని పోలీసులకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి.

ఇంటర్వ్యూకు ముందు ఒక సాయంత్రం ఎవరినైనా విలేకరిలా కూర్చోబెట్టి, మీకు నచ్చని ప్రశ్నలన్నీ అడిగించుకోండి. మీరు త్వరగా, వివరంగా మాట్లాడే స్వభావం గలవారని ఉత్తరమే చెబుతోంది. మీరు జవాబు ముగించాక విలేకరి కొంతసేపు ఏమీ అనకుండా చూస్తూ ఉండవచ్చు. ఆ మౌనాన్ని నింపాలని తొందరపడినప్పుడే అనుకోని మాటలు బయటపడతాయి, మీరు ఆగిపోవచ్చు. తెలియనిది అడిగితే "తెలియదు, కనుక్కొని సాయంత్రానికి చెబుతాను" అనండి, సాయంత్రానికి చెప్పండి కూడా. విలేకరికి మీ మీద గౌరవం పెరిగేది అలాంటి చోటే.

మళ్లీ తప్పుగా వస్తే, అదే రోజు మీ రికార్డు విని, ఏ వాక్యం తప్పో, ఏది సరైనదో రెండే లైన్లలో విలేకరికీ సంపాదకుడికీ రాసి సవరణ అడగండి. తప్పు ఏదో, మీకు నచ్చనిది ఏదో కలపకండి. మీ మాటే కానిది మీ పేరుతో వస్తే సవరణ అడగవచ్చు, మీరు చెప్పినదానిలో ముఖ్యమైనది వదిలేశారన్న దానికి లేఖ రాయడం మేలు. సంపాదకుడు పట్టించుకోకపోతే, దినపత్రిక మీద ప్రెస్ కౌన్సిల్‌కు ప్రచురణ తేదీ నుంచి రెండు నెలల్లోగా ఫిర్యాదు చేయవచ్చు. అది మందలించగలదు, జరిమానా వేయలేదు. టీవీ చానల్ దాని పరిధిలోకి రాదు, ప్రసారమైన ఏడు రోజుల్లోగా చానల్‌కే ముందు రాయాలి. అక్కడ న్యాయం జరగకపోతే, ఆ చానల్ వార్తా ప్రసార సంస్థల సంఘంలో సభ్యత్వం తీసుకున్నదైతే, ఆ సంఘం ఏర్పాటు చేసిన స్వీయ నియంత్రణ సంస్థ ఎన్‌బీడీఎస్ఏకు వెళ్లవచ్చు. గడువులు తక్కువ కాబట్టి ప్రసారమైన కార్యక్రమాన్ని, పత్రిక కాపీని వెంటనే భద్రపరచుకోండి.

ఆదివారం కథనమైతే విలేకరి గురు, శుక్రవారాల్లో రాయడం పూర్తిచేస్తారు. పడమటి ఒడ్డు కుటుంబాలతో మాట్లాడటం, సంఘం తీర్మానం రెండూ అంతలోపు కాకపోతే, ఒక వారం వ్యవధి అడగండి. మీ దగ్గర కాగితాలున్నాయని తెలిసిన విలేకరి ఆ వారం ఆగడానికి ఒప్పుకునే అవకాశమే ఎక్కువ.